తొమ్మిది నిమిషాలకోసారి రెండు చెంచాలు

మా చిన్నమ్మ ఇజ్రాయెల్‌లో పదమూడేళ్లు పనిచేసి 2024 చివర్లో ఇంటికొచ్చింది. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఊళ్లలో ఇదేమీ వింత కాదు. దుబాయ్, మస్కట్ పోయేవాళ్లు పోగా కొంతమంది అటు పోతారు, ఎక్కువగా ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండే పనికి. చిన్నమ్మ ఉన్నది టెల్ అవీవ్‌ను ఆనుకుని ఉండే రమత్ గన్‌లో. ఇరాక్ నుంచి వచ్చిన యూదులు చాలామంది స్థిరపడ్డ ఊరది. ఆమె చూసుకున్న ముసలమ్మ కూడా బాగ్దాద్‌లో పుట్టి, 1951లో పన్నెండేళ్ల పిల్లగా విమానమెక్కి వచ్చినావిడే. చిన్నమ్మ ఆమెను 'సవ్తా' అనేది. హీబ్రూలో నానమ్మ అన్నా అమ్మమ్మ అన్నా అదే మాట.

సవ్తాకు షుగర్. ఇన్సులిన్ మీద ఉండేది. యోమ్ కిప్పూర్ వచ్చిందంటే ఇంట్లో గొడవే. యూదులకు ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద ఉపవాసం అది. ఇరవై అయిదు గంటలు మెతుకు ముట్టకూడదు, మంచినీళ్ల చుక్క కూడా తాగకూడదు. మన శివరాత్రికి ఉన్నట్టు పండ్లు, పాల వెసులుబాటు లేదు. ఒక ఏడాది డాక్టరు గట్టిగా చెప్పేశాడు, ఈసారి ఉపవాసం ఉంటే నేరుగా హాస్పిటల్‌కే అని. ముసలమ్మ వినలేదు. చిన్నప్పటి నుంచీ ఒక్క ఏడు తప్పలేదు, ఇప్పుడు తప్పుతానా అంది. కొడుకు రబ్బీకి, అంటే వాళ్ల మతగురువుకు, ఫోన్ చేశాడు. రబ్బీ అడిగింది ఒక్కటే, డాక్టరు ఏమన్నాడని. తినమన్నాడని చెప్తే, అయితే తినడమే దేవుడి ఆజ్ఞ, తినకపోతేనే పాపం అన్నాడు. దానికో పద్ధతి కూడా చెప్పాడు. ఒక్కసారికి ముప్పై మిల్లీలీటర్ల లోపు, తొమ్మిది నిమిషాలు ఎడం, మళ్లీ అంతే. ఆ కొలతకు లోబడితే అది ధర్మశాస్త్రం లెక్కలో పూర్తి భోజనం కిందికి రాదట.

"రెండు చెంచాలు పెట్టుడు, గడియారం జూసుడు. పొద్దంతా అదే పని కొడుకా" అంటుంది చిన్నమ్మ. ప్రతి చెంచాకూ ముసలమ్మ కళ్లు మూసుకుని ఏదో గొణిగేదట. దేవుడికి క్షమాపణ చెప్తోందని చిన్నమ్మ అనుకుంది. తర్వాత తెలిసింది, మామూలుగా తినే ముందు చదివే ప్రార్థనే అది. తప్పు చేస్తున్నానన్న భావన ఆమెకు లేదు. ఆజ్ఞ పాటిస్తోంది, అంతే.

చాలాకాలం ఈ కథ నేను నలుగురిలో నవ్వించడానికి చెప్పేవాణ్ని. ఇజ్రాయెల్, పాలస్తీనా గురించి మా ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో కొట్టుకున్న రోజుల్లో మాత్రం నాకు ఆ గడియారం వేరేగా గుర్తొచ్చింది. మా గ్రూపులో రెండు పక్షాలు. ఒకరికి ఇజ్రాయెల్ అంటే హీరో, ఇంకొకరికి విలన్. విచిత్రమేమిటంటే ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట: యూదు మతం ఆ భూమి మొత్తం యూదులదేనంటుంది, అందులో అంగుళం వదలకూడదంటుంది. ఒకరు దాన్ని మెచ్చుకుంటూ అంటారు, ఇంకొకరు తిడుతూ అంటారు. నేను మధ్యలో దూరి, ఇద్దరూ మతాన్ని పక్కన పెడితే గాని ఈ గొడవ తీరదు అనేవాణ్ని. అది తెలివైన మాటని నా నమ్మకం. ఇప్పుడు ఆ నమ్మకం లేదు. ఎందుకు పోయిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

సవ్తా ఇంటి హాల్లో గోడ మీద ఒక ఫోటో ఉండేది. తలకు నల్లటి పాగా, బంగారు జరీ కుట్టిన అంగీ, నల్లకళ్లద్దాలు. చిన్నమ్మ మొదట్లో ఎవరో పాతకాలపు రాజు అనుకుందట. ఆయన రబ్బీ ఒవాదియా యోసెఫ్. ఆయనా బాగ్దాద్‌లోనే పుట్టాడు, 1920లో. 1973 నుంచి 1983 దాకా ఇజ్రాయెల్‌లో సెఫార్దీ (యూరప్ శాఖ కాని) యూదుల ప్రధాన రబ్బీ, తర్వాత వాళ్ల మతపార్టీ షాస్‌కు గురువు. అరబ్ దేశాల నుంచి వచ్చిన యూదులకు ఆయన మాట వేదం. 2013 అక్టోబరు 7న చనిపోతే అంత్యక్రియలకు దాదాపు 8 లక్షల మంది వచ్చారని పోలీసులు లెక్కేశారు. జనాభా 80 లక్షలున్న దేశంలో అది. ఆ రోజు బస్సులు లేక చిన్నమ్మ మందుల షాపు నుంచి నడిచి ఇంటికొచ్చిందట.

ఈ రబ్బీ 1979లో ఒక తీర్పు ఇచ్చాడు. ఆ మార్చిలోనే ఈజిప్టుతో ఒప్పందం కుదిరింది, సినాయ్ తిరిగి ఇవ్వాలి. 1967 యుద్ధంలో పట్టుకున్న మిగతా ప్రాంతాల సంగతేమిటన్న ప్రశ్న కూడా లేచింది. దేవుడిచ్చిన భూమిని ఇతరులకు ఇవ్వడం ధర్మమేనా? ఒవాదియా యోసెఫ్ చెప్పింది క్లుప్తంగా ఇది. సైన్యాధికారులు, ప్రభుత్వ పెద్దలు కలిసి ఆలోచించి, భూమి ఇవ్వకపోతే యుద్ధం ముంచుకొస్తుందని, ఇస్తే నిజమైన శాంతికి దారి ఉందని తేలిస్తే, ఇవ్వవచ్చు. ఎందుకంటే ప్రాణం కాపాడడం కోసం దాదాపు ఏ ఆజ్ఞనైనా పక్కన పెట్టవచ్చు. దీన్ని 'పికువాహ్ నెఫెష్' అంటారు. మరి నిపుణుల్లోనే తేడా వస్తే? ఆయన చూపించిన పోలిక యోమ్ కిప్పూర్ రోగిదే. ఒక డాక్టరు తినాలన్నాడు, ఇంకొక డాక్టరు అక్కర్లేదన్నాడు. ధర్మశాస్త్రం ఏమంటుంది? తినిపించమంటుంది. ప్రాణం విషయంలో అనుమానం వస్తే ప్రాణం వైపే మొగ్గాలి.

ఇది చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్లు జలదరించింది. చిన్నమ్మ చెంచా పట్టుకుని కూర్చున్న ఆ వంటింటి నియమమే దేశాల సరిహద్దులదాకా వెళ్లింది. ఈ వాదన చేసింది విదేశాల నుంచి డబ్బు తెచ్చుకునే శాంతి సంస్థవాళ్లు కాదు, యూనివర్సిటీ మేధావులూ కాదు. పగలంతా తాల్ముద్ అనే ధర్మచర్చల మహాగ్రంథంలో తలదూర్చి కూర్చునే అచ్చమైన సనాతన రబ్బీ. మతాన్ని పక్కన పెట్టమని ఆయనతో నేను చెప్పి ఉంటే, ఆ తీర్పుకు ఆధారమే లేకుండా పోయేది.

అవతలి పక్షం వాదన కూడా చిన్నదేం కాదు. సవ్తా మనవడు ఒకడు నబ్లుస్ దగ్గర ఒక సెటిల్‌మెంట్‌లో, అంటే 1967లో పట్టుకున్న వెస్ట్ బ్యాంకులో యూదులు కట్టుకున్న ఊళ్లో, ఉంటాడు. (సెటిలర్లు అనగానే మనకు హైదరాబాద్‌లో ఉండే వేరే అర్థం గుర్తొస్తుంది. ఇక్కడ ఆ మాటకు తుపాకీ, ముళ్లకంచె, మిలిటరీ పహరా కూడా కలుపుకోవాలి.) శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర అతనికీ నానమ్మకూ వాదన పడేది. చిన్నమ్మకు హీబ్రూ బాగానే వచ్చు గనక సగం అర్థమయ్యేది. యుద్ధమంటేనే ప్రాణాలు పోతాయని తెలిసి చేసేది, దేవుడు ఆ భూమిని స్వాధీనం చేసుకోమన్నప్పుడు ప్రాణాలు పోతాయని తెలియక చెప్పాడా అనేవాడట మనవడు. ఇది అతను కనిపెట్టిన మాటేమీ కాదు. 13వ శతాబ్దపు యూదు పండితుడు నహ్మనీదెస్ ఆ భూమిని స్వాధీనం చేసుకుని అందులో ఉండడాన్ని అన్ని కాలాలకూ వర్తించే ఆజ్ఞగా లెక్కించాడు. అంతకు ముందరి మహాపండితుడు మైమోనిదెస్ తన 613 ఆజ్ఞల పట్టికలో దాన్ని చేర్చలేదు. ఒక పెద్దాయన రాయకుండా వదిలేసిన దాన్ని ఇంకొక పెద్దాయన చేర్చాడు. ఆ చేర్పు మీద ఈ రోజు ఊళ్లు కట్టారు.

కట్టించింది ముఖ్యంగా ఒక గురువు శిష్యులు. రబ్బీ జ్వీ యెహూదా కూక్, జెరూసలేంలోని మెర్కజ్ హరావ్ అనే విద్యాలయం పెద్ద. 1967 స్వాతంత్ర్య దినం నాడు ఆయన ఒక ప్రసంగం చేశాడు. 1947 నవంబరులో ఐక్యరాజ్యసమితి పాలస్తీనాను యూదు, అరబ్ దేశాలుగా విభజించడానికి ఓటేసిన రాత్రి వీధుల్లో అందరూ నాట్యాలు చేస్తుంటే తాను మాత్రం ఇంట్లో కూలబడిపోయానని చెప్పాడు. మన హెబ్రోను ఏది, మన షెకెము ఏది, మన యెరికో ఏది అని గొంతెత్తి అరిచాడు. మూడు వారాలకు ఆరు రోజుల యుద్ధం వచ్చింది, ఆ మూడు ఊళ్లూ ఇజ్రాయెల్ చేతికొచ్చాయి. ఆ శిష్యుల స్థానంలో మీరుంటే ఏమనుకునేవారు? చరిత్ర దేవుడి చేతిరాతలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. 1974లో వాళ్లే గుష్ ఎమునీమ్ పెట్టి కొండల మీద సెటిల్‌మెంట్లు మొదలుపెట్టారు.

అదే యుద్ధం చూసిన ఇంకొక ఆర్థడాక్స్ యూదుడు సరిగ్గా తలకిందులుగా మాట్లాడాడు. యెషాయాహు లైబోవిచ్, బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్, నిష్ఠగా ఆజ్ఞలు పాటించే మనిషి. ఇతరుల మీద పెత్తనం చేసే దేశం గూఢచారుల దేశంగా మారిపోతుందని, ఆ ప్రాంతాలు వదిలేయాలని 1968 నాటికే రాశాడు. రాయిని, మట్టిని పూజించడం విగ్రహారాధనే అన్నాడు. జెరూసలేంలో యూదులు ప్రార్థించే పడమటి గోడను హీబ్రూలో కోతెల్ అంటారు. అక్కడి సంబరాలు చూసి 'డిస్కోతెల్' అని పేరుపెట్టాడు. నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. 1993లో ఇజ్రాయెల్ ప్రైజ్‌కు ఎంపిక చేస్తే ఆ నోటి వల్లే గొడవై, చివరికి తనే వద్దనుకున్నాడు.

ఇక అసలు ఈ దేశమే వద్దనే హరెదీ (అతి సనాతన యూదుల) పక్షం ఒకటుంది. మెస్సీయ వచ్చేదాకా యూదులు మూకుమ్మడిగా, బలవంతంగా ఆ దేశానికి వెళ్లకూడదని తాల్ముద్‌లో మూడు ప్రమాణాల కథ ఉంది. సత్మార్ రబ్బీ యోఎల్ తీతెల్‌బామ్ దాన్ని పట్టుకుని జీవితాంతం వాదించాడు. పాలస్తీనా జెండాలతో ఫోటోల్లో కనిపించే నల్లకోట్ల రబ్బీలు ఈ పక్షంలోని ఒక చిన్న ముక్క. ఆ ఫోటోలు మా గ్రూపులో నెలకోసారి వస్తాయి, 'చూశారా అసలైన యూదులు' అనే వ్యాఖ్యతో. వాళ్ల వల్ల నా ప్రశ్న ముందుకు కదలదు గనక వదిలేస్తున్నాను.

నా ప్రశ్న ఆ చెంచా దగ్గరే ఉంది. ప్రాణం ముఖ్యం, భూమి తర్వాత అన్నాడు ఒవాదియా యోసెఫ్. సరే. ఎవరి ప్రాణం?

ఆ తీర్పులో మంచం మీదున్న రోగి యూదు సమాజం ఒక్కటే. యుద్ధం వస్తే పోయే యూదుల ప్రాణాల గురించే లెక్క. ఆ భూమి మీద అప్పటికే ఉన్న పాలస్తీనా మనిషి ఆ లెక్కలో ఎక్కడా లేడు. అందుకే డాక్టరు మాట మారగానే మందు కూడా మారిపోయింది. 1993లో ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల మధ్య కుదిరిన ఓస్లో ఒప్పందం పార్లమెంటుకు వచ్చినప్పుడు షాస్ వ్యతిరేకించకుండా తటస్థంగా ఉంది. తర్వాత రెండో ఇంతిఫాదా (పాలస్తీనియన్ల తిరుగుబాటు), బస్సుల్లో బాంబులు. తాను చెప్పింది నిజమైన శాంతికే వర్తిస్తుందని, ఇప్పుడు భూమి ఇస్తేనే ప్రాణాలు పోతున్నాయని రబ్బీ వివరణ ఇచ్చాడు. 2005లో గాజా నుంచి వెనక్కి రావడాన్ని వ్యతిరేకించాడు. 2010లో అయితే పాలస్తీనా అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్‌ను, పాలస్తీనియన్లను నాశనమైపోవాలని శపిస్తూ మాట్లాడాడు. 1979 తీర్పు ఇచ్చిన నోటితోనే! నన్నడిగితే ఇందులో వైరుధ్యం లేదు. లెక్కలో ఎదుటివాడు లేనప్పుడు, శాంతి అయినా శాపం అయినా మన లాభనష్టాల పట్టికే.

ఇక్కడే ఒక చిన్న మాట గురించి చెప్పాలి. ఒక్క ప్రాణాన్ని నాశనం చేసినవాడు లోకాన్నంతా నాశనం చేసినట్టు, ఒక్క ప్రాణాన్ని కాపాడినవాడు లోకాన్నంతా కాపాడినట్టు అని మిష్నాలో (తాల్ముద్‌కు మూలమైన పాత ధర్మగ్రంథంలో) ఉంది. అందరికీ తెలిసిన వాక్యమే. మరణశిక్ష పడే కేసుల్లో సాక్షులను భయపెట్టడానికి చెప్పే మాట అది, నువ్వు అబద్ధం చెప్తే ఏం పోతుందో చూసుకో అని. మామూలుగా అచ్చులో దొరికే ప్రతుల్లో చాలావాటిలో 'ఇజ్రాయేలీయులలో ఒక్క ప్రాణాన్ని' అని ఉంటుంది. బుడాపెస్ట్‌లో భద్రపరిచిన పాత కౌఫ్‌మన్ చేతిరాత ప్రతిలో 'ఇజ్రాయేలీయులలో' అన్న మాట లేదు. ఎవరో ఒక లేఖకుడు ఎప్పుడో మధ్యలో ఇరికించి ఉంటాడు.

ఏది అసలుదో తేల్చడానికి నాకు హీబ్రూ రాదు. అనువాదాలు చదివేవాణ్ని. కానీ ఆ వాక్యం ముందూ వెనకా చదివితే పాండిత్యం లేకుండానే తెలిసిపోతుంది. దేవుడు ఆదామును ఒక్కణ్నే ఎందుకు పుట్టించాడు అన్న ప్రశ్నకు జవాబుగా ఆ మాట వస్తుంది. మా నాన్న మీ నాన్నకన్నా గొప్పవాడని ఒకరితో ఒకరు అనకుండా ఉండడానికి అని కూడా అక్కడే చెప్తుంది. ఆదాము యూదుడు కాడు కదా. అందరి తండ్రి. ఆయన్ను చూపించి చెప్పే నీతిలో 'మనవాళ్ల ప్రాణం మాత్రమే' అనడం పొసగదు. ఖురాన్ అయిదో సూరాలో ఇదే మాట, ఇజ్రాయెల్ సంతతికి మేము ఇలా శాసించాం అంటూ వస్తుంది. అక్కడ ఆ అదనపు మాట లేదు. నిజానికి యూదు మతంలో యుద్ధం, శాంతి మీద జరిగే గొడవంతా ఈ ఒక్క మాట ఉండాలా పోవాలా అన్న గొడవేనని నాకు అనిపిస్తుంది.

హెబ్రోను వెళ్దాం. నేను పోలేదు, చిన్నమ్మ కూడా పోలేదు, ఊరికే మాటవరసకు. అబ్రాహాము భార్య శారా చనిపోతే పాతిపెట్టడానికి మక్పేలా గుహను హిత్తీయుడైన ఎఫ్రోను దగ్గర కొన్నాడు. మన తెలుగు బైబిల్లో నాలుగు వందల తులముల వెండి అని ఉంటుంది. ఊరికే ఇస్తానన్నా తీసుకోకుండా, ఊరి పెద్దల ముందు తూచి ఇచ్చి మరీ కొన్నాడు. ఇది మా రిజిస్ట్రేషన్ కాగితం అంటారు సెటిలర్లు. నాకు మాత్రం రెండు అధ్యాయాల తర్వాతి వాక్యం ముఖ్యమనిపిస్తుంది. అబ్రాహాము చనిపోయినప్పుడు ఇస్సాకు, ఇష్మాయేలు ఇద్దరూ కలిసి ఆ గుహలోనే పాతిపెట్టారు. యూదులు ఇస్సాకు సంతతి, అరబ్బులు ఇష్మాయేలు సంతతి అని రెండు వైపులా నమ్మకం. ఇంట్లోంచి వెళ్లగొట్టిన పెద్దకొడుకు తండ్రి చావుకు వచ్చాడు.

1929లో అదే ఊళ్లో అల్లర్లలో 67 మంది యూదులను చంపారు. అదే ఊళ్లో అరబ్ ఇరుగుపొరుగు తమ ఇళ్లలో దాచి వందల మందిని బతికించారు. 1994 ఫిబ్రవరి 25న, పూరీమ్ పండగ నాడు, రంజాన్ నెలలో, బరూఖ్ గోల్డ్‌స్టీన్ అనే యూదు సెటిలర్ ఆ గుహ మీద కట్టిన మసీదులోకి వెళ్లి నమాజు చేస్తున్న 29 మందిని కాల్చి చంపాడు. అతను డాక్టరు. ఈ వ్యాసంలో డాక్టరు అన్న మాట వచ్చిన ప్రతిసారీ నాకు అదే గుచ్చుకుంటుంది. ఆ తర్వాత భవనాన్ని రెండుగా పంచారు. ఏడాదిలో పది రోజులు మొత్తం యూదులకు, పది రోజులు మొత్తం ముస్లింలకు. మిగతా రోజులన్నీ తలుపుల మధ్య సైనికులు. తండ్రి సమాధి దగ్గర కూడా అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూడకుండా వంతులు.

గోల్డ్‌స్టీన్ చేసింది ఘోరమని ప్రధాన రబ్బీలు ఖండించారు. అయితే ఇరవై నెలల తర్వాత, 1995 నవంబరు 4న, ఓస్లో ఒప్పందం చేసుకున్న ప్రధాని యిత్జాక్ రబీన్‌ను చంపిన యిగాల్ అమీర్ అనే యూదు కుర్రాడు తాను ధర్మశాస్త్రం ప్రకారమే చేశానన్నాడు. ఆ శాస్త్రంలో 'రోదెఫ్' అని ఒక నియమం ఉంది. ఒకడు ఇంకొకణ్ని చంపడానికి తరుముతుంటే, వేరే దారి లేనప్పుడు, తరిమేవాణ్ని చంపైనా ప్రాణం కాపాడాలి. భూమి ఇచ్చి యూదుల ప్రాణాలను అపాయంలో పడేస్తున్న ప్రధాని రోదెఫ్ అవుతాడా అని కొందరు రబ్బీలు అంతకు ముందే చర్చలు పెట్టారు. చూడండి, ఇదీ ప్రాణం కాపాడే నియమమే. చెంచాతో అన్నం పెట్టించిన చెట్టు నుంచే ఈ కొమ్మా మొలిచింది.

అందుకే గ్రంథంలో శాంతి ఉందా, యుద్ధం ఉందా అన్న ప్రశ్న నాకిప్పుడు పిల్లల ప్రశ్నలా అనిపిస్తుంది. రెండూ ఉన్నాయి. ఏ పట్టణం మీదికి పోయినా ముందు శాంతి అడగమని ద్వితీయోపదేశకాండంలో ఉంది. మైమోనిదెస్ దాన్ని ఇంకా బిగించి, ముట్టడి వేస్తే నాలుగో దిక్కు వదిలేయాలి, పారిపోయేవాళ్లకు దారి ఉండాలి అన్నాడు. ఫలించే చెట్లను నరకకూడదు. అదే గ్రంథంలో ఇజ్రాయేలీయుల పాత శత్రువులైన అమాలేకీయుల పేరు కూడా లేకుండా తుడిచేయమని ఉంది. పసిపిల్లలను కూడా వదలవద్దని రాజు సౌలుకు వచ్చిన ఆజ్ఞ ఉంది. దీన్ని సంప్రదాయం ఎలా ఎదుర్కొందో తెలుసా? అష్షూరు రాజు సన్హెరీబు వచ్చి జనాలన్నిటినీ కలగాపులగం చేసేశాడు, పాత జాతుల్లో ఎవరు ఎవరో ఇప్పుడు తేల్చలేం అని మిష్నాలో ఒక వాదన ఉంది. అక్కడి మాట అమ్మోనీయుల గురించే అయినా, తర్వాతివాళ్లు ఆ దారిలోనే అమాలేకు ఆజ్ఞకూ తాళం వేశారు. తుడిచేయాల్సిన వాడి అడ్రసు దొరకదు గనక ఆజ్ఞ పుస్తకంలోనే ఉండిపోతుంది. అబద్ధమాడకుండా తప్పించుకునే తెలివి ఇది. మన ధర్మశాస్త్ర పండితులకూ ఈ విద్య బాగా తెలుసు.

2023 అక్టోబరు చివర్లో అమాలేకు మీకు చేసింది గుర్తుంచుకోండి అని టీవీలో చెప్పింది రబ్బీ కాదు. ప్రధాని నెతన్యాహు. ఆచారాలు పెద్దగా పాటించని మనిషి. డిసెంబరులో దక్షిణాఫ్రికా అంతర్జాతీయ న్యాయస్థానంలో వేసిన కేసులో ఆ మాట సాక్ష్యంగా చేరింది. మతాన్ని పక్కన పెట్టమనే నా పాత సలహాకు ఇది కూడా ఒక జవాబే. పక్కన పెట్టిన మతం అక్కడే ఊరికే పడి ఉండదు. తాళాలు ఎక్కడున్నాయో తెలియనివాడు వచ్చి అందులోంచి కత్తి ఒక్కటే తీసుకుపోతాడు.

మరి ఎదుటివాణ్ని కూడా లెక్కలోకి తీసుకున్న రబ్బీలు లేరా? ఉన్నారు, తక్కువ. రబ్బీ యెహూదా అమితాల్ హోలోకాస్ట్‌లో (నాజీలు యూదులను చేసిన మారణహోమంలో) కుటుంబాన్ని పోగొట్టుకుని వచ్చినవాడు. వెస్ట్ బ్యాంకులోనే హర్ ఎత్జియోన్ విద్యాలయం నడిపాడు. 1973 యుద్ధంలో ఆయన విద్యార్థులు ఎనిమిది మంది చనిపోయారు. మొదట్లో ఆయనా సెటిల్‌మెంట్ల ఉత్సాహంలో ఉన్నవాడే. 1982లో బీరుట్‌లోని సబ్రా, షతీలా శిబిరాల్లో ఇజ్రాయెల్ మిత్రపక్షపు మిలీషియా పాలస్తీనియన్లను ఊచకోత కోసినప్పుడు, దానిపై విచారణ జరగాలని గట్టిగా అడిగాడు. ప్రజలు, తోరా (మోషే ధర్మశాస్త్రం), భూమి అన్న వరసలో భూమి మూడోది అని చెప్పాడు. 1988లో మెయ్‌మాద్ అని పార్టీ పెడితే ఒక్క సీటు రాలేదు.

ఇంకొకాయన మెనాహెమ్ ఫ్రోమన్. ఈయన్ను నేను ఎవరికీ సరిగ్గా వివరించలేకపోయాను. గుష్ ఎమునీమ్ మొదటి మనుషుల్లో ఒకడు, తెకోవా సెటిల్‌మెంట్ రబ్బీ. అంటే మా గ్రూపు లెక్కలో పక్కా విలన్. ఆయనే పాలస్తీనా నాయకుడు అరాఫత్‌ను ఎన్నోసార్లు కలిశాడు, సాయుధ ఇస్లామిక్ సంస్థ హమాస్ స్థాపకుడు షేక్ అహ్మద్ యాసీన్‌తో కూర్చుని మాట్లాడాడు. పాలస్తీనా దేశం వస్తే ఇదే ఇంట్లో ఆ దేశ పౌరుడిగా ఉంటానన్నాడు. 2010లో బేత్ ఫజ్జార్ అనే పక్క ఊళ్లో మసీదుకు నిప్పుపెడితే, తోటి సెటిలర్లను వెంటబెట్టుకుని కొత్త ఖురాన్ ప్రతులు పట్టుకుని వెళ్లాడు. ఆయన వాదన ఏమిటంటే, ఓస్లోలో సంతకాలు చేసినవాళ్లు రెండు వైపులా మతాన్ని గది బయట కూర్చోబెట్టారు, బయట కూర్చున్నవాళ్లు తలుపులు పగలగొట్టారు. 2013లో క్యాన్సర్‌తో పోయాడు. మూడేళ్లకు గర్భిణిగా ఉన్న ఆయన కోడల్ని ఒక పాలస్తీనా కుర్రాడు ఆ తెకోవాలోనే కత్తితో పొడిచాడు. ఆమె బతికింది.

ఇలాంటివాళ్లు నలుగురుంటే ఏం లాభం, ఓట్లు ఎటున్నాయో చూడు అని మా గ్రూపులో ఒకడన్నాడు. నిజమే. గోల్డ్‌స్టీన్ ఫోటోను ఏళ్ల తరబడి ఇంటి గోడకు తగిలించుకున్న ఇతమార్ బెన్ గ్వీర్ 2022 డిసెంబరులో జాతీయ భద్రతా మంత్రి అయ్యాడు. నేనిక్కడ లెక్కపెట్టిన రబ్బీలంతా మెజారిటీ అని నటించడం లేదు. కానీ వాళ్లు ఓడిపోయింది మతం వల్ల అని మాత్రం నాతో అనకండి. మతంలో ఓడిపోలేదు, రాజకీయాల్లో ఓడిపోయారు. లౌకికవాదులు వాళ్లను తమ మనుషులుగా ఎప్పుడూ చూడలేదు, ఒప్పందాల బల్లల దగ్గర కుర్చీ వేయలేదు.

2023 అక్టోబరు 7 శనివారం, షబ్బాత్, పైగా సింహత్ తోరా పండగ. ఫోన్లు, టీవీలు ముట్టరు. అలాంటి ఇళ్ల కోసం అక్కడ రేడియోలో ఒక మౌన స్టేషన్ ఉంటుంది. ముందే ఆన్ చేసి పెట్టుకుంటే ఏమీ మాట్లాడదు, సైరన్ ఉంటేనే మోగుతుంది. పొద్దున్నే అది మోగింది. చిన్నమ్మ ఫోన్‌కు అప్పటికే జగిత్యాల నుంచి మెసేజీలు. సవ్తాకు ఏమీ తెలియదు, అడగకూడదు కూడా. యూదేతరులతో నేరుగా టీవీ పెట్టమని చెప్పకూడదని వాళ్ల నియమం. కాసేపు ఆగి, "నీకు భయంగా ఉంటే టీవీ పెట్టుకో, నాకేం అభ్యంతరం లేదు" అందట. ఇద్దరూ దాని ముందు సాయంత్రం దాకా కూర్చున్నారు. గాజా నుంచి వచ్చిన హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా తీసుకుపోయారు అన్న లెక్కలు తర్వాత తేలాయి.

బందీల మీద కూడా మళ్లీ అదే పంచాయితీ. బందీలను విడిపించడాన్ని మించిన ఆజ్ఞ లేదన్నాడు మైమోనిదెస్. మిష్నాలో మాత్రం విలువకు మించి ఇచ్చి విడిపించవద్దని ఉంది, లేకపోతే ఇంకా ఎత్తుకుపోతారని. 2011లో హమాస్ చేతిలో బందీగా ఉన్న సైనికుడు గిలాద్ షలీత్ ఒక్కడి కోసం 1,027 మంది ఖైదీలను వదిలినప్పుడు ఒవాదియా యోసెఫ్ సరే అన్నాడు. ఈసారీ షాస్ ఒప్పందాల వైపే నిలబడింది, మతం పేరే చెప్పే మంత్రులు బెన్ గ్వీర్, స్మోత్రిచ్ వద్దన్నారు. 2025 అక్టోబరులో మిగిలిన 20 మంది సజీవంగా ఇళ్లకు చేరేనాటికి గాజాలో చనిపోయినవాళ్లు 67,000 దాటారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క. ఈ రెండు సంఖ్యలనూ ఒకే వాక్యంలో రాయకూడదని నాకు చెప్పేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. రాశాను.

చిన్నమ్మ వచ్చేసే ముందు, 2024లో ఒక రాత్రి సంగతి. ఇజ్రాయెల్ ఛానళ్లలో గాజా ఇళ్లలోపలి దృశ్యాలు పెద్దగా చూపించేవారు కాదట. సవ్తా ఛానళ్లు తిప్పుతూ ఏదో అరబిక్ ఛానల్ దగ్గర ఆగింది. ఆమెకు అది అమ్మభాష, పాత పాటల కోసం అప్పుడప్పుడూ పెట్టుకునేది. ఆ రాత్రి పాటల్లేవు. గాజాలో ఒక తల్లి తెల్లగుడ్డ చుట్టిన పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని ఏదో చెప్పుకుంటూ ఏడుస్తోంది. చిన్నమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సవ్తాకు అన్నీ అర్థమయ్యాయి. ఏమంటున్నది అని అడిగితే చెప్పలేదు. ప్లేటు పక్కకు జరిపింది. షుగర్ పడిపోతుందని చిన్నమ్మ బతిమాలి, కాస్త ఆగి, మళ్లీ కాస్త ఆగి, ఒక్కో చెంచా తినిపించింది. ఈసారి ముసలమ్మ ఏ ప్రార్థనా గొణగలేదు.

తెల్లారి లేవగానే మనవడికి ఫోన్ చేయమందట. రిజర్వ్ సైన్యంలో పిలిస్తే పోయాడు, గాజాలో ఉన్నాడు. లైన్ కలవడానికి చాలాసేపు పట్టింది. కలిశాక ఆమె అడిగింది తిన్నావా అని. ఇంకేమీ అడగలేదు.